నాలుగు ఆదివారాలు

తూకం తన జన్మలో మొదటిసారి బేరమాడకుండా కొన్న వస్తువు చిక్కుడుగింజ కంటే కాస్త పెద్దది, అంతే.

తూకం అన్నది అసలు పేరు కాదు. లాండ్రీలో ఆడవాళ్లు పెట్టిన పేరు. దువ్వెన కొనాలన్నా నాలుగు కొట్లు ఎక్కి దిగే మనిషి. మొదటి కొట్లో అడిగిన ధర ఇచ్చి వచ్చేయడమంటే ఆవిడ లెక్కలో నిలువుదోపిడీకి మనమే తలుపు తీసి పెట్టడం. లాండ్రీలో ఎవరైనా కొత్త చెప్పులు వేసుకొస్తే వారం రోజులపాటు ఆవిడ కంటపడకుండా తిరిగేవాళ్లు. కంటపడితే అవే చెప్పులు ఇంకెక్కడ ఎంత తక్కువకి దొరుకుతున్నాయో చెప్పేస్తుంది. చెప్పకుండా ఉండటం ఆవిడ వల్ల కాదు.

అలాంటి మనిషి ఆ శనివారం అత్తగారిని వెంటబెట్టుకుని చెవి మిషన్ల కొట్టుకి వెళ్లింది. కొనడానికి కాదు, ధర కనుక్కోవడానికి. మూడు కొట్ల చిరునామాలు చీటీ మీద రాసుకుని మరీ బయల్దేరింది. మొదటి కొట్టాయన సన్నటి మనిషి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని మాట్లాడతాడు. అత్తగారిని గోడలకి మెత్తలు అతికించిన చిన్న గదిలో కూర్చోబెట్టి, ఏవో పరీక్షలు చేసి, మిషను చెవి వెనక తగిలించి, సన్నటి గొట్టాన్ని చెవిలోకి సర్దాడు. "ఏదైనా మాట్లాడండమ్మా" అన్నాడు తూకంతో.

"అత్తయ్యా, వినపడుతోందా?" అని ఇంట్లో అరిచినట్టే అరిచింది. ముసలావిడ ఉలిక్కిపడి చెవి మూసుకుంది.

"అరవకండి. నాతో మాట్లాడినట్టు మాట్లాడండి."

ఆయనతో మాట్లాడినట్టు అత్తగారితో ఏం మాట్లాడాలో తూకానికి తోచలేదు. పెళ్లయి ఆ ఇంటికొచ్చేసరికే అత్తగారికి చెవుడు ముదిరిపోయింది. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో మాటంటే అరుపే. అరిచి చెప్పగలిగేవి కొన్నే ఉంటాయి. మందేసుకున్నారా, భోజనానికి రండి, జాగ్రత్త, మెట్టుంది. వాన వచ్చేలా ఉందనో, ఇవాళ ఎందుకో మనసు బాగాలేదనో ఎవరూ అరిచి చెప్పరు.

"అత్తయ్యా, నేనే" అంది చివరికి, మెల్లగా.

అత్తగారు తల తిప్పి కోడలి మొహం వంక చూసింది. నోటి వంక కాదు, కళ్లలోకి. ఇన్నేళ్లూ ఆవిడ చూపు ఎప్పుడూ ఎదుటివాళ్ల పెదాల మీదే ఉండేది.

"నీ గొంతు ఇదా?" అంది. "ఇంత మెత్తగా ఉంటుందా? తొమ్మిదేళ్లనుంచి నువ్వు నామీద కయ్యానికి వస్తున్నావనే అనుకుంటున్నాను."

కొట్టాయన నవ్వాడు. తూకం నవ్వలేదు. సంచిలోంచి పర్సు తీసి, ఎంత అని అడిగి, ఆయన చెప్పినంతా ఇచ్చేసింది. పదకొండు ఆదివారాలు సెలవు మానుకుని లాండ్రీలో అదనపు షిఫ్టు చేస్తే కూడిన డబ్బు అది. చీటీలో మిగిలిన రెండు చిరునామాలు అలాగే ఉండిపోయాయి.

ఆ సాయంత్రం, ఆ మర్నాడంతా ఇల్లు ఇల్లులా లేదు. ముసలావిడ గదిగదికీ తిరిగి చప్పుళ్లు ఏరుకుంది. వంటింట్లో నిలబడిపోయి, "అదేంటమ్మాయ్, గొణుగుతోంది?" అని అడిగింది.

"ఫ్రిజ్ అత్తయ్యా."

"ఎప్పట్నుంచి?"

"కొన్నప్పట్నుంచీ."

"పాపం, ఎవరూ పట్టించుకోకపోయినా గొణుగుతూనే ఉందన్నమాట" అని ముసలావిడ దాని తలుపు మీద చెయ్యి వేసి నిమిరింది. కొడుకు కుర్చీలోంచి లేస్తే మోకాళ్లు చిటుక్కుమనడం విని, "నలభై కూడా నిండలేదు, అప్పుడే మీ నాన్న మోకాళ్లు వచ్చేశాయిరా నీకు" అంది. కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. రోజంతా లిఫ్టు గుంతల్లో కూర్చుని లేస్తాడు. అమ్మ ఆ మాట అంటే సంబరపడి మోకాళ్లు ఇంకో రెండుసార్లు చిటుక్కుమనిపించాడు.

ఆదివారం మధ్యాహ్నం ముసలావిడ కిటికీ పక్కన కూర్చుని చొక్కాలకి గుండీలు కుట్టింది. సందు చివర దర్జీ తెచ్చిచ్చే చొక్కాలవి. దారం సూదిలోకి ఎక్కించి, గుండీ నాలుగు కన్నాల్లోంచి రెండేసిసార్లు తీసి, కింద మూడు చుట్లు చుట్టి, పంటితో పుటుక్కున తెంపేది. ఆ పుటుక్కు వినపడి ప్రతిసారీ ఆగిపోయింది. ఎండ గుడ్డ మీదినుంచి నేల మీదికి జారింది. తూకం పక్కనే నేల మీద పడుకుని, ఆ పుటుక్కుల్ని లెక్కపెడుతూ, ఎక్కడో లెక్క తప్పి నిద్రపోయింది. అంత కమ్మటి నిద్ర ఆవిడకి ఏళ్ల తరబడి పట్టలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథే లేదు. కానీ ఆగితే ఆవిడ తూకం ఎందుకవుతుంది?

కొన్నాక ధర అడగకూడదని లాండ్రీలో అందరికీ చెప్పేది ఆవిడే. మంగళవారం షిఫ్టు అయ్యాక తనే రెండు స్టాపుల ముందు బస్సు దిగింది. ఊరికే, గాలికి నడుద్దామని. అలా నడుస్తూ నడుస్తూ చీటీలోని రెండో చిరునామా ముందు తేలింది. అద్దాల అలమరలో అదే పెట్టె. అదే నీలం రంగు, మీద అదే నవ్వుతున్న తాతగారి బొమ్మ. పక్కన అంకె రాసిన అట్టముక్క. ఆ అంకె ఆవిడ రెండుసార్లు చదివింది. లోపలికి వెళ్లి అడిగింది.

"అదే మిషనమ్మా, అచ్చం అదే" అన్నాడు కొట్లో కుర్రాడు. "గొట్టం కొలత తీసి, చెవికి సరిచేసి మేమే ఇస్తాం. విడిగా ఏం తీసుకోం."

"ఈ ధర ఎప్పట్నుంచి?"

"పది రోజులైంది. నెలాఖరు దాకా ఉంటుంది."

పది రోజులు. అంటే శనివారం కూడా ఉంది. ఎప్పటిలా తన పద్ధతిన తను రెండో కొట్టు గడప తొక్కి ఉంటే సరిపోయేది. మోసపోయిందీ లేదు, మోసం చేసినవాడూ లేడు. తన పద్ధతి తనే తప్పింది. బయటికొచ్చి, బస్సు స్టాపులో నిలబడి, వేళ్ల మీద లెక్కేసుకుంది. పదకొండులో నాలుగు. నాలుగు ఆదివారాలు గాల్లో కలిసిపోయాయి.

ఆ లాండ్రీ పెద్దది. ఊళ్లోని ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు అక్కడికే వస్తాయి. తూకం పని వేడి రోలర్ల దగ్గర. ఇద్దరు ఆడవాళ్లు తడి దుప్పటి చెరో మూలా పట్టుకుని, ఒక్క విదిలింపు విదిలించి, అంచు సరిచూసి రోలర్ల నోటికి అందించాలి. అది అవతలివైపు వేడివేడిగా, ముడతల్లేకుండా వస్తుంది. అంచు వేలెడు వంకర పోయిందంటే దుప్పటి అంతా వంకరే, మళ్లీ తడపాలి. ఆవిడకి జంటగా నిలబడే మనిషిని రేడియో అంటారు. మిషన్ల హోరులో మాట వినపడకపోయినా ఆవిడ వాగుడు ఆగదు. పెదాలు చూసి అర్థం చేసుకోవాలి.

"మొహం అలా ఉందేంటి?" అంది రేడియో బుధవారం పొద్దున.

"ఏం లేదు."

"ధర కనుక్కున్నావా?"

తూకం దుప్పటి అంచు సరిచూస్తున్నట్టు తల వంచుకుంది. రేడియో ఒక చేత్తో నుదురు కొట్టుకుని, దుప్పటి జారిపోతుంటే గబుక్కున పట్టుకుంది.

ఆ రోజు ఆవిరి మరీ ఎక్కువగా ఉంది. పైన అద్దాల కప్పులోంచి దిగే వెలుతురు ఆవిరిలో కలిసి పాలలా అయిపోయింది. అవతల మనిషి చేతులు తప్ప మొహం కనపడటం లేదు. దుప్పటి తరవాత దుప్పటి వస్తోంది, తెల్లగా, ఖాళీగా. తూకం చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. మనసు మాత్రం ఆ నాలుగు ఆదివారాల వెంట పడింది. అవి ఎక్కడో ఉన్నట్టే అనిపించింది. ఎవరో మడత పెట్టి అటకెక్కించినట్టు, తను నిచ్చెన వేసుకుని ఎక్కితే చేతికి అందేటట్టు. ఒక్కో దుప్పటీ రోలర్ల కిందికి వెళ్తుంటే ఒక్కో ఆదివారం వెళ్లిపోతున్నట్టు చూసింది. అలా చూస్తూ చూస్తూ మూడు దుప్పట్లు వంకర పోనిచ్చింది. అన్నేళ్ల సర్వీసులో ఎప్పుడూ అలా జరగలేదు.

నాలుగింటికి షిఫ్టు దిగి తిన్నగా మొదటి కొట్టుకి వెళ్లింది. అద్దాల ఆయన కోపగించుకోలేదు. ఆయన కోపగించుకుని ఉంటే పోట్లాడటానికి వీలుండేది.

"ఆ కొట్టు ధర నాకు తెలుసమ్మా. నేనివ్వలేను. తేడా డబ్బు కూడా వెనక్కివ్వలేను" అన్నాడు. "కానీ సరిపడకపోతే పది రోజుల్లోపు తీసుకొచ్చేయొచ్చు. పెట్టె, ఛార్జింగు తీగలు, బ్రష్షు, అన్నీ ఉండాలి. మొత్తం డబ్బు ఇచ్చేస్తాను."

"సరిపడకపోతేనా?"

"అవును. సరిపడకపోతే."

తూకం ఇంటికొచ్చేసరికి భర్త అప్పుడే పని నుంచి వచ్చి, టీ పెట్టుకుని తాగుతున్నాడు. అత్తగారు కిటికీ దగ్గర గుండీలు కుడుతోంది. తూకం సంచి కింద పెట్టి, కుర్చీ లాక్కుని, నిన్నటినుంచి లోపల ఉడుకుతున్నదంతా కక్కేసింది. రెండో కొట్టు సంగతి, అట్టముక్క మీద అంకె, అద్దాల ఆయన చెప్పిన పది రోజుల గడువు.

ఆ ఇంటికి ఒక అలవాటుంది. ముసలావిడ గదిలో ఉన్నా లేనట్టే మాట్లాడుకోవడం. అందులో చెడ్డతనమేమీ లేదు. తొమ్మిదేళ్లు ఆవిడ ముందే మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్నారు, రాజీపడ్డారు, ఆడపడుచు కాపురం గురించి చర్చించుకున్నారు, ఆవిడ మందుల ఖర్చు గురించి కూడా మాట్లాడుకున్నారు. గోడ ముందు మాట్లాడుకున్నట్టే. చెవిలో మిషను పెట్టి ఐదు రోజులైందిగానీ, అలవాటుకి ఆ సంగతి ఇంకా తెలియలేదు.

"ఇచ్చేద్దాంలే అయితే" అన్నాడు భర్త తేలిగ్గా. "సరిపడలేదని చెబుదాం. అక్కడ ఇచ్చేసి ఇక్కడ కొను."

"మళ్లీ ఇంకో రోజు సెలవు పెట్టాలి. మళ్లీ ఆవిణ్ణి తిప్పాలి. మళ్లీ ఆ పరీక్షలు."

"పోనీ కొనకు. ఇన్నాళ్లూ వినపడకపోతే ఏం మునిగిపోయింది?"

అప్పుడు తూకం నోరు జారింది. ఒళ్లు అలిసిపోయి, మనసు మండిపోతుంటే వచ్చే మాటలవి. "నేనూ అదే అంటున్నాను. ఎండనకా వాననకా ఆదివారం కూడా నిలబడి దుప్పట్లు తోసింది నేను. ఇప్పుడు ఆవిడకి వినపడి ఏం ఒరిగింది? ఫ్రిజ్ చప్పుడు విని మురిసిపోవడం తప్ప. ఆ చప్పుడు కోసం నాలుగు ఆదివారాలు తగలేశాను."

కిటికీ దగ్గర దారం పుటుక్కుమంది. ముసలావిడ కుట్టిన చొక్కా మడత పెట్టి దొంతర మీద పెట్టి, ఇంకోటి తీసుకుంది. తూకం అటు చూడను కూడా లేదు.

గురువారం పొద్దున తూకం డబ్బాలో భోజనం సర్దుకుంటుంటే అత్తగారు వెనకే వచ్చి నిలబడింది. చేతిలో నీలం పెట్టె.

"ఇది నాకు పడటం లేదమ్మాయ్" అంది, చెవిటివాళ్లు మాట్లాడే ఆ పెద్ద గొంతుతో. "తలనొప్పి వస్తోంది. చెవిలో ఒకటే హోరు. పది రోజుల్లోపు ఇచ్చేస్తే తీసుకుంటారు కదా. ఇచ్చెయ్యి."

తూకానికి ముందు కలిగింది సంతోషం. దాచడమెందుకు, అచ్చమైన సంతోషమే. ఒక్క అబద్ధం ఆడక్కర్లేకుండా పని జరిగిపోతోంది. "నిజంగానా అత్తయ్యా?" అని గట్టిగా అరిచింది. ముసలావిడ ఆవిడ పెదాల వంక చూసి తలూపింది.

దారిలో బస్సులో పెట్టె తెరిచి చూసుకుంది. అన్నీ ఉన్నాయి. మిషను దాని గుంటలో, బ్రష్షు దాని గుంటలో. తీగకి మొదట చుట్టి ఉన్న సన్నటి వైరు ముక్క మళ్లీ అలాగే, రెండు మెలికలతో చుట్టి ఉంది. ప్లాస్టిక్కు సంచి మూతి కూడా మడిచి అతికించి ఉంది. గుండీలు కుట్టే చేతులు మరి, పనిలో లోటుండదు. కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది, ఎవరూ ముట్టుకోనట్టు.

ఆ రోజు రోలర్ల దగ్గర ఆవిడ హుషారుగానే పని చేసింది. రేడియో ఏదో చెబుతుంటే నవ్వింది కూడా. ఆవిరిలోంచి ఆదివారాలు ఒక్కొక్కటే తిరిగొస్తున్నట్టు ఉంది. ఒకటి, రెండు, మూడు. నాలుగోది మాత్రం ఎందుకో రావడం లేదు. ఏదో మర్చిపోయినట్టు, ఇంట్లో స్టవ్వు కట్టెయ్యకుండా వచ్చినట్టు మనసు మాటిమాటికీ వెనక్కి లాగింది. ఎందుకో తెలియలేదు.

సాయంత్రం కొట్లో అద్దాల ఆయన పెట్టె తెరిచి, మిషను తీసి, ఒక తీగ తగిలించి తన కంప్యూటర్ వంక చూశాడు. అద్దాలు నుదుటి మీదినుంచి ముక్కు మీదికి దించుకున్నాడు.

"ఏమంటున్నారు పెద్దావిడ?"

"తలనొప్పట. హోరట. పది రోజుల్లోపు ఇచ్చెయ్యమని ఆవిడే..." అని తూకం ఆగింది.

"చిత్రంగా ఉందే" అన్నాడాయన, తెర వంకే చూస్తూ. "ఇది రోజుకి ఎన్ని గంటలు పెట్టుకున్నారో లోపల రాసుకుంటుంది. తలనొప్పి వచ్చేవాళ్లు గంట, రెండు గంటలు పెట్టుకుని తీసేస్తారు. ఈవిడ రోజుకి పదిహేను గంటలు తక్కువ కాకుండా పెట్టుకున్నారు. నిద్రపోయేటప్పుడు తప్ప తీసినట్టే లేదు. ఈ కొట్లో ఇంత ఇష్టంగా పెట్టుకున్నవాళ్లని నేను చూళ్లేదు."

తూకానికి ఆయన మాటలు సగం వినపడ్డాయి, సగం వినపడలేదు. పది రోజుల్లోపు. ఆ గడువు గురించి ఈయన తనకి చెప్పాడు. తను భర్తకి చెప్పింది. అత్తగారికి ఎవరు చెప్పారు?

ఎవరూ చెప్పలేదు. ఆవిడ వింది.

కూర్చోవడానికి కుర్చీ ఉందో లేదో చూసుకోకుండానే తూకం కూర్చుంది. అదృష్టం కొద్దీ ఉంది. నిన్న సాయంత్రం అన్న మాటలన్నీ ఒక్కొక్కటే, తన గొంతుతోనే, మెల్లగా, స్పష్టంగా వినపడ్డాయి. ఫ్రిజ్ దగ్గర అత్తగారు నిలబడ్డ తీరు గుర్తొచ్చింది. ముసలావిడ తొమ్మిదేళ్ల తరవాత కోడలి మనసులో మాట తిన్నగా విన్నది అదే మొదటిసారి. విని, చొక్కా మడత పెట్టింది. పొద్దున ఆ సన్నటి వైరు ముక్కకి కూడా రెండు మెలికలు వేసింది.

"తీసుకోమంటారా మరి?" అన్నాడాయన. సొరుగు తెరిచే ఉంది.

తూకం ఆ సొరుగు వంక చూసింది. పెట్టె ఇచ్చేస్తే, పక్క వీధిలోనే అదే మిషను తక్కువకి దొరుకుతుంది. లెక్క ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ ఇవాళ ఇది ఈ బల్ల మీద వదిలేసి ఇంటికెళ్తే, అత్తగారు అన్న అబద్ధం నిజమైపోతుంది. తను అన్న మాట ఖాయమైపోతుంది. ఆ తరవాత ఎంత మంచి మిషను తెచ్చినా ఆవిడ చెవిలో పెట్టించుకోదు.

"సరిపడింది" అంది తూకం. పెట్టె తీసుకుని సంచిలో పెట్టుకుంది.

ఇంటికొచ్చేసరికి ముసలావిడ గుమ్మం ముందు మెట్ల మీద కూర్చుని ఉంది. ఎండ ఇంకా పోలేదు. ఎదురింటి డాబా మీద ఒకావిడ ఆరిన బట్టలు తీస్తోంది. సందులో సైకిళ్లు బాగుచేసే ఆయన చక్రం తిప్పి చూస్తున్నాడు. తూకం వెళ్లి అత్తగారి పక్కన మెట్టు మీద కూర్చుంది. పెట్టె తీసి ఆవిడ ఒళ్లో పెట్టింది.

"తీసుకోలేదా?" అంది ముసలావిడ.

"నిన్న మేమన్నది విన్నారు కదా అత్తయ్యా?"

ముసలావిడ కోడలి పెదాల వంక చూసింది, కానీ ఎండ ఎదురుగా కొడుతోంది. "ఏంటి?"

"నిన్న మేమన్నది విన్నారా?" అని అరిచింది తూకం. సైకిళ్లాయన చక్రం ఆపాడు.

"ఏంటమ్మాయ్?"

"నిన్న సాయంత్రం నేనన్నదంతా మీరు విన్నారా?" ఈసారి డాబా మీదావిడ కూడా దుప్పటి చేతిలో పట్టుకుని పిట్టగోడ దగ్గరికి వచ్చింది. తూకం మొహం ఎర్రబడింది. కానీ మొదలుపెట్టాక ఆపడం ఎలా? అరుస్తూనే చెప్పింది. "నేను తప్పుగా మాట్లాడాను. మీకు వినపడి ఏం ఒరిగిందన్నాను. ఆ మాట అనకూడదు. డబ్బు పోయిందన్న ఉక్రోషంలో అన్నాను. నాకు సిగ్గుగా ఉంది."

క్షమించమని అడగడం ఎంత కష్టమో, అది సందు సందంతా వినేలా అడగడం ఎంత కష్టమో ఆవిడకి ఆ పూట తెలిసొచ్చింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అరుస్తూ ఏడవడం మరీ ఇబ్బంది.

ముసలావిడ పెట్టె మూత తీసి, వైరు ముక్క మెలికలు విప్పి, మిషను చెవి వెనక పెట్టుకుని, గొట్టం సర్దుకుంది. సన్నగా కూతలాంటిది వచ్చి ఆగిపోయింది.

"అంత గట్టిగా అడిగాక వినలేదని ఎలా అంటాను?" అంది. ఆవిడ గొంతు మామూలుగా ఉంది. "విన్నాను. బాధేసింది. రాత్రంతా ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు."

"ఇంకెప్పుడూ మీ ముందు అలా మాట్లాడం అత్తయ్యా."

"అదే వద్దంటున్నాను." ముసలావిడ కోడలి మోకాలి మీద చెయ్యి వేసింది. సూది గుచ్చుకుని గరుకెక్కిన వేళ్లు. "పొద్దున్నుంచి దాని గురించే ఆలోచిస్తున్నా. ఇప్పుడు మీ ఇద్దరూ ఏం చేస్తారు? నేను వస్తుంటే మాట ఆపేస్తారు. వంటింట్లోకెళ్లి గుసగుసలాడతారు. అంతకంటే చెవుడే నయం కదా. నామీద కోపం వస్తే కోప్పడండి. ఖర్చయిందంటే అయిందనండి. నాకు వినపడేలా అనండి. మంచి మాటలే వినడానికి ఇంత డబ్బు పోసి మిషనెందుకు?"

తూకం ముక్కు తుడుచుకుంది. డాబా మీదావిడ ఇంకా అక్కడే ఉంది, కానీ వాళ్ల గొంతులు తగ్గేసరికి ఆవిడకి ఏమీ అందక, నిరాశగా బట్టల దగ్గరికి వెళ్లిపోయింది.

"అయితే చెబుతాను" అంది తూకం. "నాకింకా బాధగానే ఉంది అత్తయ్యా. ఆ డబ్బు పోయినందుకు."

"ఉండదా మరి? ఎంత తేడా అన్నావు?"

తూకం చెప్పింది. అంకె వినగానే ముసలావిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అంతా?" అంది. నాలుక చప్పరించింది. ఆ బాధలో కాస్త కూడా నటన లేదు. "అయ్యో, అయ్యో. ఆ పక్క వీధిలోనే ఉందా? మనం దాని ముందునుంచే కదా బస్సెక్కాం?"

"దాని ముందునుంచే."

"అయ్యో."

రెండు రోజులుగా తూకం గుండెల మీద కూర్చున్నదేదో ఆ రెండో అయ్యోతో కాస్త పక్కకి జరిగింది. భర్త ఇచ్చేద్దాంలే అన్నాడు, రేడియో నుదురు కొట్టుకుంది, అద్దాల ఆయన నిబంధన చెప్పాడు. అయ్యో అని అన్నది ఈవిడొక్కతే.

"ఆ నాలుగు ఆదివారాలు ఉంటే ఏం చేసేదానివి?" అంది ముసలావిడ. "చెప్పు. వింటాను."

ఆ మాట తూకాన్ని ఎవరూ అడగలేదు, తనని తాను కూడా అడుక్కోలేదు. మెట్టు మీద కాళ్లు చాపుకుని మొదలుపెట్టింది. మొదటి ఆదివారం అసలు మంచం దిగను. ఎండ గోడ మీద మొదలై, నేల మీదికి దిగి, నా కాలి మీదికి వచ్చేదాకా చూస్తాను. అది కాలి వేళ్ల మీదికి వచ్చాక అప్పుడు లేవాలా వద్దా అని ఆలోచిస్తాను. ముసలావిడ కళ్లు మూసుకుని, తల కాస్త ఇటు వంచి వింది. మధ్యమధ్య అయ్యో అంటూనే ఉంది. రెండో ఆదివారం, మన సందు చివర ఆగే బస్సు ఉంది కదా అత్తయ్యా, అది చిట్టచివరికి ఎక్కడికెళ్తుందో నేనెప్పుడూ చూళ్లేదు. దాంట్లో ఎక్కి కూర్చుంటాను. కిటికీ పక్కన. ఎక్కడా దిగను. తూకం గొంతు చాలా తగ్గిపోయింది, తనకి తనే చెప్పుకుంటున్నట్టు ఉంది. ఎండ సందులోంచి మెల్లగా పైకి, డాబాల మీదికి వెళ్లిపోతోంది.

అప్పుడే భర్త పనిముట్ల సంచి భుజాన వేసుకుని సందులోకి వచ్చాడు. గుమ్మం ముందు తల్లీ పెళ్లామూ తలలు దగ్గర పెట్టుకుని కూర్చోవడం, తల్లి గుండెల మీద చెయ్యి వేసుకుని అయ్యో అయ్యో అనడం, పెళ్లాం కళ్లు తడిగా ఉండటం చూసి అతని అడుగులు తడబడ్డాయి.

"ఏమైంది? ఎవరు పోయారు?" అన్నాడు.

తల్లి కళ్లు తెరవకుండానే, ఉండమన్నట్టు చెయ్యి ఎత్తింది.

"ఎవరూ పోలేదుగానీ, కాసేపు మాట్లాడకుండా కూర్చోరా" అంది. "దాని మాట నాకు వినపడటం లేదు."